వాగు దారిలో ట్రాలీ

"పోనియ్ రా జితేందర్! పోనియ్!"

వెనక సీటు మీద నుంచి సోమక్క అరుస్తోంది. ఆమె చేతిలో బర్రెలు కాసే కర్ర.

బైక్ గుంతలో పడి లేచింది. హెడ్‌లైట్ ఆరిపోయింది.

థూ!

ముందు... మసక చీకట్లో... ట్రాలీ ఆటో! పైన టార్పాలిన్. దాని మీద జై తెలంగాణ జెండా.

"గిదే రా! రోజూ మునిమాపున వాగుకొచ్చేది గిదే!"

"పట్నం నుంచి తెస్తున్నట్టున్నడక్కా! ఏ కంపెనీ చెత్తో... మన వాగుల పోస్తున్నడు!"

"ఏ కంపెనైతేంది? నా బర్లను సంపినోడు వాడే!"

నిజమే. సోమక్కవి రెండు బర్రెలు పోయాయి. కోసి చూస్తే కడుపులో గడ్డి లేదు. ప్లాస్టిక్ ముద్ద! మిగిలిన ఒక్కటీ పొద్దున్నించి కడుపుబ్బి పడి ఉంది. అదీ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

పోలీసులకు చెబితే? సకల జనుల సమ్మె. అంతా బందోబస్తుకు పోయారు. ఉన్న ఒక్క కానిస్టేబుల్ నవ్వాడు. "తెలంగాణ వచ్చినంక రా పో!"

జితేందర్ పళ్లు కొరికాడు. యాక్సిలరేటర్ తిప్పాడు.

అదిగో దేవరుప్పుల! రాస్తా రోకో. రోడ్డుకు అడ్డంగా తుమ్మకంప.

దొరికాడు!

కంప పక్కకు జరిగింది. ట్రాలీ దూరిపోయింది. కంప మళ్లీ అడ్డం పడింది!

"ఆగు! ఎవడ్రా నువ్వు? జై తెలంగాణ అను!"

"నేను రా కట్టయ్యా! జితేందర్‌ను!"

"అరె, అన్నా! లైట్ లేకపాయె, గుర్తువట్టలే."

"గా ట్రాలీనెందుకు ఇడిసినవ్ రా?"

కట్టయ్య తల గోక్కున్నాడు. "వాడు నీ పేరే చెప్పిండన్నా."

నా పేరా!

జితేందర్‌కు ఒళ్లు మండింది. ఈ కంప వేయించింది తనే. పొద్దంతా మైకులో గొంతు చించుకుందీ తనే. ఆ పేరే చెప్పుకుని దొంగ దాటిపోయాడు!

"కంప తియ్! జల్ది!"

తనూ కంప లాగాడు. అరచేతిలో ముల్లు దిగింది. రక్తం. చూసుకునే టైం లేదు.

వాగు మలుపు... ట్రాలీ ఆగి ఉంది! డ్రైవర్ టార్పాలిన్ విప్పుతున్నాడు.

జితేందర్ ఉరికాడు. కాలర్ పట్టాడు. ట్రాలీకేసి గుద్దాడు!

"ఎవని చెత్త రా ఇది? చెప్పు!"

"అన్నా... నేనన్నా! నారాయణను! మన సమ్మె టెంటు కాడ పనిజేసేటోన్ని!"

టార్పాలిన్ జారింది. వాటర్ ప్యాకెట్లు. గ్లాసులు. తళతళలాడే ప్లాస్టిక్ ప్లేట్లు. వాటికి అంటుకున్న మెతుకులు... సాంబారు వాసన...

జితేందర్ చేయి సడలింది.

ఆ సాంబారు మధ్యాహ్నం తనూ తిన్నాడు. రఘునాథపల్లి రోడ్డు మీద. సమ్మె వంటావార్పులో!

"నువ్వే అంటివి గదన్నా! రోజూ మాపటికి రోడ్డు సాఫ్ గావాలె, పోలీసోళ్లకు సాకు దొరకొద్దు అని!"

"వాగుల పొయ్యమన్ననా?"

"యాడ పొయ్యాల్నో చెప్పినవా? వానొస్తే కొట్టుకపోతది తియ్. సముద్రంల గలుస్తది. సముద్రం మనమేమన్న జూడబోతున్నమా?"

చెత్త సముద్రం దాకా పోలేదు. మెతుకుల కోసం వచ్చిన బర్రెలు ప్లేట్లకు ప్లేట్లే మింగేశాయి.

వెనక... అడుగుల చప్పుడు.

"వంటావార్పుకు మోదుగాకు ఇస్తర్లు కుట్టిస్తనంటే ఏమంటివి రా?"

సోమక్క గొంతు. చాలా మెల్లగా.

జితేందర్ తిరిగాడు.

"టైం లేదంటివి."

"అక్కా... జర ఆగు..."

కర్ర లేచింది!

నారాయణ వైపు కాదు.