ఏ గొట్టం ముందు వేడెక్కింది

తెల్లారకముందే మళ్లీ మొదలైంది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. మేడ మీది గదిలో, వేడినీళ్లు పారి గదిని వెచ్చబరిచే రేడియేటర్‌ని ఎవరో సుత్తితో బాదుతున్నట్టు. వంటింట్లో ఓట్స్ గంజి కలుపుతున్న హేజెల్ గరిట ఆపి పైకప్పు వైపు చూసింది. కాసేపటికి మోత ఆగింది. అమ్మ మంచం మీంచే చెయ్యి చాచి వాల్వుని సున్నాకి తిప్పేసి ఉంటుంది. అంటే గది మళ్లీ మంచుగడ్డే.

అమ్మ మార్జొరీ న్యుమోనియాతో ఆస్పత్రిలో పడి, బతికి బయటపడి ఇంటికొచ్చింది. నిన్న నర్సు వచ్చి గోడ తడిమి, "ఈ గది ఇలాగే ఉంటే శుక్రవారం ఈవిణ్ణి మళ్లీ ఆస్పత్రికి పంపేస్తాను" అని తేల్చేసింది. ఈసారి వెళ్తే తిరిగి రానని అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"నాన్నా, ఆ వాల్వు చూడ్డానికి మనిషిని పిలుస్తున్నా."

క్లిఫర్డ్ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తలెత్తలేదు. "పిలు. గుమ్మంలోనే కాళ్లు విరగ్గొడతా. ఈ రాచ్‌డేల్ ఊళ్లో సగం ఇళ్లకి గొట్టాలు వేసినవాణ్ణి. నా ఇంట్లో ఇంకోడు స్పానర్ పట్టడమా?"

"అమ్మ వణికిపోతోంది."

"మీ అమ్మని దాని జోలికి పోవద్దని చెప్పు. గది వేడెక్కితే అదే మూసుకుంటుంది, చల్లబడితే అదే తెరుచుకుంటుంది. నేను బిగించిన వాల్వు, బంగారం."

"బంగారమైతే ఆ మోతేంటి?"

"బస్సు తోలుకునేదానివి, నీకెందుకే మోత గొడవ? మొగుణ్ణి ఇంట్లో నిలుపుకోవడం చేతకాలేదు గానీ వాల్వులు బాగుచేస్తుందట!"

హేజెల్ పళ్లు కొరుక్కుంది. "ముందు ఆ స్వెటర్ విప్పు. అమ్మ మంచం పట్టినప్పట్నించీ అదే. కంపు కొడుతోంది. బీరువా నిండా చొక్కాలున్నాయిగా?"

"నా ఒళ్లు, నా స్వెటర్."

ఒక్కడి మాటే చెల్లే ఇంట్లో పెరగనివాళ్లు అదృష్టవంతులు. బడి అయిపోయిన ఏడాది హేజెల్ ఆయన దగ్గర పని నేర్చుకుంటానంది. పబ్బులో అందరి ముందూ పొట్ట పట్టుకుని నవ్వాడు. పనిముట్ల సంచీ కొడుకు రసెల్‌కిచ్చాడు. వాడు దాన్ని ఆదివారం సంతలో అమ్మేశాడు. ఆ నవ్వుని హేజెల్ ఇన్నేళ్లూ పెంచి పోషించింది. కడుపులో కుక్కని పెంచినట్టు.

ఆ వాల్వుని ఆమె వదల్లేదు. అంకెలున్న తల విప్పి లోపలి పుల్ల నొక్కి చూసింది. చక్కగా దిగి పైకొచ్చింది. ఇరుక్కోలేదు. రేడియేటర్లో గాలి తీసేసింది. మోత పోలేదు. ఇక మిగిలింది ఒక్కటే. వాల్వుకి నీళ్లు రావాల్సిన వైపు కాక వెనక నుంచి వస్తున్నాయి. అలాగైతే అది మూసుకోబోయినప్పుడల్లా కొట్టుకుంటుంది. వాల్వు కుడి వైపుంది. నీళ్లు అక్కణ్ణించే లోపలికొస్తాయని దాని మీది బాణం చూపిస్తోంది. ఆమె కింద నీళ్లు కాచే బాయిలర్ ఆపి, చల్లారాక మళ్లీ వేసి, రేడియేటర్‌కి చెరోవైపున్న గొట్టాలు రెండూ పట్టుకుంది. ఎడమది ముందు వేడెక్కింది.

నాన్న తప్పు వైపు బిగించాడు! పండగ చేసుకుంది హేజెల్. ఆ మాట వెంటనే చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. బాయిలర్ ఆపి, అన్నీ మళ్లీ చల్లారేదాకా ఆగింది. అమ్మ చూస్తుండగా పడగొట్టాలి ఆయన్ని. అప్పుడుగానీ తీరదు.

మధ్యాహ్నం బాయిలర్ వేసి, వాల్వు పూర్తిగా తెరిచి, తండ్రిని పైకి పిలిచింది.

"నాన్నా, అంత గొప్పోడివి కదా. ఏ గొట్టంలోంచి నీళ్లొస్తున్నాయో చేత్తో పట్టుకుని చెప్పు. పని నేర్చుకునే కుర్రాళ్లకి నువ్వు పెట్టే పరీక్షేగా?"

"నాకు పరీక్షా?" అంటూనే ఆయన మోకాళ్లు కీచుమనేలా కూర్చుని రెండు చేతులతో రెండు గొట్టాలూ పట్టుకున్నాడు. కింద బాయిలర్ గుయ్యిమంటోంది. కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి.

"కుడిది," అన్నాడు.

"ఖాయంగా?"

"కుడిదంటే కుడిదే."

"అమ్మకి వినపడేలా చెప్పు."

"కుడిది!"

హేజెల్ నవ్వింది. ఎడమ గొట్టం ఈపాటికి కాలిపోతూ ఉండాలి. చెయ్యి తియ్యడేం? ఓడిపోయానని ఒప్పుకోవడం కన్నా కాల్చుకోవడమే నయమనుకున్నాడా ముసలాడు? కాలనీ. చూస్తూ నిలబడింది. ఇంకా చూసింది.

"క్లిఫ్!" మార్జొరీ దుప్పటి తన్నేసి లేవబోయింది. "క్లిఫ్, చెయ్యి తియ్యి! కాలిపోతోంది! హేజెల్, లాగవే ఆయన్ని!"

ఆయన వెర్రిగా భార్య వైపు చూశాడు. తర్వాత చెయ్యి తీశాడు. అరచెయ్యి ఎర్రగా ఉబ్బింది, ఒకచోట తోలు లేచిపోయింది. ఎవరిదో చెయ్యి దారిలో దొరికినట్టు దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అబ్బా అనలేదు.

హేజెల్ ఆయన్ని బాత్రూంలోకి ఈడ్చుకెళ్లి చల్లటి నీళ్ల కింద ఆ చెయ్యి పెట్టింది.

"ఎప్పట్నించి?"

గదిలోంచి మార్జొరీ దగ్గుతూ చెప్పింది. "ఎండాకాలం నుంచి. షుగర్ జబ్బు వేళ్ల నరాల్లోకి దిగి స్పర్శ పోయిందన్నాడు డాక్టరు. చొక్కా బొత్తాలు నేనే పెట్టేదాన్ని. నీకు చెబితే చంపేస్తానన్నాడు."

బొత్తాలు. అందుకా ఆ స్వెటర్.

"నాకు తెలిసే నించున్నా నాన్నా," హేజెల్ ఆ చేతిని నీళ్ల కిందే పట్టుకుని అంది. "వేడిగా ఉందని తెలిసే నించున్నా."

"చూశాలే," అన్నాడాయన. "అచ్చం నాలాగే నించున్నావు."

సాయంత్రం హేజెల్ రేడియేటర్లో నీళ్లు దించి వాల్వు విప్పింది. చేతికి కట్టుతో ఆయన మంచం అంచున కూర్చుని తిట్లు తిట్టాడు. గట్టిగా తిప్పవేం, చచ్చావా? బాణం ఎటుంది, సరిగ్గా చూడవే గుడ్డిదానా. ఆమె ఎడమ వైపుకి మార్చి బిగించి, నీళ్లు నింపి, బాయిలర్ వేసింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. నీళ్లు పారుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

క్లిఫర్డ్ మెల్లగా వంగాడు. వేళ్లు పెట్టలేదు. ఇంకా గోరువెచ్చగానే ఉన్న రేడియేటర్ రేకుకి చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"వస్తోంది," అన్నాడు. తర్వాత అక్కణ్ణించే, "ఇంకో అర తిప్పు బిగించు. పని నేర్పనే లేదుగా నీకు."

హేజెల్ కళ్లు తుడుచుకోకుండానే స్పానర్ తీసుకుంది.