మెరుపు పిల్ల ఫొటోల్లో తప్పులు

"సార్, కొంచెం నవ్వండి. అయ్యో, అందరూ ఎక్కడికి వెళ్ళిపోతున్నారు?"

మా కుటుంబంతో ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. క్రిస్మస్ సెలవులకి ఓడ ఎక్కుతున్న కుటుంబాల్ని, మిగతా ఫొటోగ్రాఫర్లతో పాటు మెట్ల దగ్గర ఆపి ఫొటోలు తీస్తోంది. ఎర్ర టోపీ, మెడలో కెమెరా, నుదుటి మీద చెమట.

ఆమె కెమెరా ఎత్తగానే నాన్న వెలుతురు ఎటునుంచి వస్తోందో చూడటానికి ఆమె పక్కకి వెళ్ళి నిలబడ్డారు. అమ్మ నాయనమ్మ శాలువా సర్దటానికి వంగింది. నేను జేబులోంచి తెల్ల రుమాలు తీసి, నాయనమ్మ ముఖం మీదికి వెలుగు పడేలా పక్కనుంచి పట్టుకున్నాను. మాలో ఫొటోకి నిలబడినది నాయనమ్మ ఒక్కతే.

"ఏంటండీ ఇది?"

"మాకు ఫొటో స్టూడియో ఉందండి. అలవాటు" అన్నాను.

"అలవాటుని ఒడ్డున వదిలేసి రండి. ఇవాళ తీసేది నేను!"

ఎలాగో నిలబడ్డాం. ఫ్లాష్ వెలిగింది.

"మెరుపు పిల్లరా బాబూ, కళ్ళు బైర్లు కమ్మాయి" అంది నాయనమ్మ. ఆ పేరే స్థిరపడిపోయింది.

నిజానికి నాన్నకి ఈ ప్రయాణం ఇష్టం లేదు. సెలవుల్లోనే కదా జనం కుటుంబాలతో స్టూడియోకి వచ్చేది. బావ టికెట్లు కొని చేతిలో పెట్టాడు కాబట్టి, అల్లుడి మాట తీసేయలేక షట్టర్ దించి బయల్దేరారు.

మొదటిరోజు సాయంత్రం భోజనాల హాలు బయట, గోడ నిండా ఫొటోగ్రాఫర్లందరూ తీసిన ఫొటోలు పెట్టారు. నచ్చినవాళ్ళు కౌంటర్లో కొనుక్కోవాలి. నాన్న ఒక్కొక్కటీ చూస్తూ "బాగుంది, బాగుంది" అనుకుంటూ నడిచారు. మా ఫొటో ముందు మాత్రం ఆగిపోయారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.

"కుడివైపు నీడ మీ నాయనమ్మ చెవిని మింగేసింది. వెళ్ళి ఆ అమ్మాయితో చెప్పు."

నాన్న సంగతి మాకు తెలుసు. పనికిరాని ఫొటో అయితే "బాగుంది" అని దాటేస్తారు. చేతిలో పనితనం ఉన్నవాళ్ళకే తప్పు చెబుతారు. అందరి ఇళ్ళలోనూ నాన్నలు ఇంతేనని నేను అనుకునేవాణ్ణి. అందుకే ఆ ముక్క ఆమెతో చెప్పాలని తోచనే లేదు. అయినా ఆమె దగ్గరికి వెళ్ళటానికి ఒక వంక దొరికితే చాలదూ!

వెళ్ళి చెప్పాను. ఆమె కనుబొమలు ఎగరేసింది.

"ఇంకేమైనా?"

"ఇవాళ్టికి అంతే."

"అంటే రేపు కూడా ఉందా?"

ఉంది. మర్నాడూ ఉంది, ఆ మర్నాడూ ఉంది. ఫొటోలో అమ్మ చెయ్యి సగం తెగిందని ఒకరోజు, క్రిస్మస్ చెట్టు నాన్న నెత్తిలోంచి మొలిచినట్టుందని ఇంకోరోజు. నన్ను చూడగానే ఆమె చేతులు కట్టుకుని నిలబడేది.

"రండి జడ్జిగారబ్బాయీ! ఇవాళ్టి తీర్పేంటి?"

"ముద్దాయి కాస్త నవ్వితే శిక్ష తగ్గిస్తారట."

"ఇది నాన్నగారు అన్నదేనా?"

"ఇది కింది కోర్టు."

ఆమె నవ్వు ఆపుకోలేక అటు తిరిగేది. ఆ నవ్వు కోసం నాన్న చెప్పిన ఒక్క తప్పుని నేను మూడు చేసి చెప్పిన రోజులు కూడా ఉన్నాయి. ఇలా రోజులు గడిచిపోతున్నాయి, ఒడ్డు దగ్గరపడుతోంది. ఓడ దిగేలోపు నా మనసులో మాట చెప్పాలి. చెప్పకపోతే ఆమె సముద్రం మీదే ఉండిపోతుంది, నేను స్టూడియోలో ఫొటోలు కడిగే నా చీకటిగదిలో ఉండిపోతాను.

ఇంక ఒక్కరోజులో దిగిపోతామనగా మధ్యాహ్నం వాన పట్టుకుంది. పైడెక్కు మీద ఎవరి ఫొటోనో తీస్తున్న ఆమె, కెమెరాని కోటులో దాచుకుని పరిగెత్తుకొచ్చింది. నేను గొడుగు తెరిచి ఎదురెళ్ళాను. ఇద్దరం మెట్ల కిందికి చేరాక చూస్తే, కెమెరా మీద చుక్క నీళ్ళు లేవు. ఆమె మాత్రం తడిసి ముద్దయింది.

"గొడుగు ఎవరికి పట్టారండీ?"

"అది... కెమెరా పాడవుతుందని..."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. జుట్టులో నీళ్ళు పిండుకుంటూ నెమ్మదిగా అంది.

"మీ కంప్లైంట్లన్నీ మా మేనేజర్ చెవిన పడ్డాయి. ఈ ట్రిప్పు తర్వాత నా కాంట్రాక్టు ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు."

"కంప్లైంట్లా? ఎవరు చేశారు?"

"రోజూ కౌంటర్ ముందు నిలబడి, పదిమందీ వింటుండగా నా తప్పులు ఏకరువు పెట్టింది ఎవరు? ఇంట్లో అందరితో పోట్లాడి ఈ పనికి వచ్చానండీ. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" కెమెరాని మళ్ళీ కోటులోకి తోసుకుంది. "మీరు రోజూ వస్తుంటే ఇంకేదో కారణం ఉందనుకున్నాను. నా పిచ్చిగానీ."

వానలోనే వెళ్ళిపోయింది. గొడుగు నా చేతిలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

గదికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ప్రేమ సంగతి కూడా దాచలేదు. ముందుగా నోరు తెరిచింది నాయనమ్మే.

"చాటుగా ప్రేమించి, నలుగురిలో తిట్టించావుట్రా సన్నాసీ!"

నాన్న లేచారు. చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని "పదండి" అన్నారు. నలుగురం కదిలాం.

కౌంటర్ దగ్గర మేనేజర్ ఉన్నాడు. వెనక ఆమె ఫొటోలు సర్దుతోంది, మావైపు చూడటం లేదు.

"ఈ గోడ మీద మిగతావాళ్ళు తీసిన ఫొటోలన్నీ బాగున్నాయి" అన్నారు నాన్న.

"థాంక్యూ సార్."

"నేను పొగడలేదు బాబూ. బాగున్నవాటిని చూసి దాటిపోతాను. కాళ్ళు కదలనివ్వని ఫొటో అయితేనే నీడ ఎక్కడ పడిందో వెతుకుతాను. ఇన్నేళ్ళలో ఫొటో విషయంలో నా కొడుక్కి తప్ప ఎవరికీ తప్పు చెప్పలేదు. ఈ అమ్మాయికే చెప్పాను. దాన్ని కంప్లైంటంటే నా పరువు పోతుంది."

మేనేజర్ అయోమయంగా చూశాడు. అమ్మ కల్పించుకుంది.

"ఈయన కూరలో ఉప్పెక్కువైందంటే పెళ్ళైన కొత్తలో ఏడ్చేదాన్ని నాయనా. 'బాగుంది' అన్నరోజే ఏడవాలని తర్వాత తెలిసింది."

మేనేజర్ పకపకా నవ్వేశాడు. "అయితే ఈవిడ కాంట్రాక్టుకి ఢోకా లేదు సార్" అంటూ లోపలికి వెళ్ళాడు.

ఆమె చేతిలో ఫొటోలు కౌంటర్ మీద పెట్టింది. కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

"నాన్నగారి మాట విన్నాను. అమ్మగారి మాట విన్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళ మాటలే మోసుకొచ్చారు. మీ మాటంటూ ఒకటి లేదా?"

గోడ మీది ఫొటోలవైపు చూస్తూ ఎలాగో అనేశాను.

"ఉంది. మీరంటే నాకు ఇష్టం. పెళ్ళంటూ చేసుకుంటే మిమ్మల్నే చేసుకోవాలని ఉంది. మీరు సముద్రం మీద ఉంటానన్నా సరే."

ఆమె చేతులు కట్టుకుంది.

"ఇంత ఆలస్యంగా చెప్పడం ఒక తప్పు. ఇంటిల్లిపాదినీ వెంటేసుకొచ్చి చెప్పడం ఇంకో తప్పు. మాట నాకు, చూపు గోడకి. అది అన్నిటికన్నా పెద్ద తప్పు."

తల వంచుకుని వెనక్కి తిరిగాను. నాయనమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఎక్కడికిరా వెర్రివెధవా? ఆ పిల్ల 'బాగుంది' అనలేదుగా!"

తలెత్తి చూశాను. మెరుపు పిల్ల నవ్వుతోంది, ఏడుస్తోంది కూడా. నాన్న చెయ్యెత్తి ఆమె తల మీద పెట్టారు. ఆయన తప్పు పట్టకుండా చేసిన పని నాకు తెలిసి అదొక్కటే.

కాంట్రాక్టు ముగించుకుని ఆమె వేసవిలో ఓడ దిగింది. ఎదురెళ్ళి తీసుకురావటానికి రేవుకి అందరం వెళ్ళాం. బరువైన సంచి భుజాన వేసుకుని, గాలికి జుట్టు చెదిరిపోతుంటే మమ్మల్ని వెతుక్కుంటూ మెట్లు దిగుతోంది. నన్ను చూసిన క్షణాన ఆమె ముఖం ఎలా మారిందో చెప్పటం నావల్ల కాదు. నాన్న, నాయనమ్మ ఇప్పుడు లేరు. చెప్పగలిగినవాళ్ళలో ఇద్దరు తగ్గిపోయారు.

"ఇంట్లో అందరూ ఫొటోగ్రాఫర్లే, ఆ రోజుది ఒక్క ఫొటో కూడా లేదేంటి నాన్నా?" అని మా అమ్మాయి ఇప్పటికీ సాధిస్తుంది.

కెమెరా తేవాలని ఆ రోజు ఒక్కరికైనా గుర్తు రాలేదమ్మా. అందరం మీ అమ్మని చూడటానికే వెళ్ళాం.