కార్డులో లేని సూది

ఉదయం తొమ్మిదికి వాన ఆగింది. మాదాపూర్ వైపు మబ్బు పగిలి, అద్దాల మేడల మీద కాస్త ఎండ పడింది. హఫీజ్‌పేట్ మీద మాత్రం ఆకాశం తడిసిన గొంగడిలా కిందికి దిగే ఉంది.

పదకొండూ ఇరవైకి లింగయ్య చనిపోయాడు.

వయసు యాభై ఆరు. ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. నాలుగు రోజుల కింద కాలనీ మునిగితే, భార్య లచ్చమ్మతో కలిసి ఈ ఫంక్షన్ హాల్లోని సహాయ శిబిరానికి వచ్చాడు. కాలి మీద పుండు తప్ప వేరే జబ్బు లేదు.

ఇన్‌స్పెక్టర్ పెద్దన్న పన్నెండూ పదికి వచ్చాడు. మాట తక్కువ మనిషి. శవం పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

పెదవులు వాచాయి. మెడ నిండా దద్దుర్లు. ఎడమ భుజం మీద సూది గుర్తు. ఎడమ మణికట్టుకు ఎర్ర గుడ్డ పీలిక.

"ఇంజెక్షన్ పడలేదండి," అన్నాడు శిబిరం డాక్టర్ పార్థసారథి. "రియాక్షన్. పావుగంటలో అయిపోయింది. నేను చేయాల్సిందంతా చేశాను."

"సూది ఎవరిచ్చిన్రు?"

డాక్టర్ రిజిస్టర్ తెరిచాడు. 11:05. లింగయ్య. యాంటీబయాటిక్ ఇంజెక్షన్. ఇచ్చినవారు: మమత, వాలంటీర్. పక్కన మమత సంతకం.

మమత గోడకు ఆనుకుని నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. నర్సు పని నేర్చుకుని ఊరి దవాఖానలో నాలుగేళ్లు చేసింది. ఇప్పుడు కొండాపూర్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్. వరద ఎమర్జెన్సీ ప్రకటించి, వైద్యం తెలిసిన వాలంటీర్లు కావాలనగానే వెళ్లి పేరు రాయించుకుంది. మెడలో ఆ వాలంటీర్ కార్డు వేలాడుతోంది.

"సూది నువ్విచ్చినవా బిడ్డా?"

"సంతకం నాదే సార్."

"నేనడిగింది సంతకం సంగతి కాదు."

ఆమె నేల చూసింది.

"ఏం చెప్తది సారూ," అంది లచ్చమ్మ. "మా ఆయనకు సూది పడదని వచ్చిననాడే ఈమెకు చెప్పిన. ఒకపారి సచ్చి బతికిండని చెప్పిన. తలకాయ ఊపింది. ఇయ్యాల నేను నీళ్లకు పోయొచ్చేలోపల సంపింది."

పెద్దన్న డాక్టర్ వైపు తిరిగాడు. "మందుల పెట్టె తాళంచెవి?"

"నా దగ్గరే ఉంటుందండి. మందు తీసి ఆమెకిచ్చాను."

"రిజిస్టర్ల రాత?"

"నాదే. అన్నీ నేనే రాస్తాను."

"సంతకం ఎప్పుడు పెట్టింది?"

డాక్టర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అప్పుడే."

పెద్దన్న హాలంతా ఒక చుట్టు తిరిగాడు. చాపల మీద కూర్చున్నవాళ్ల ముఖాల కంటే చేతులే ఎక్కువ చూశాడు. ఒక మూల నీలమ్మ అనే ముసలామె పక్కన కూర్చుని రెండు నిమిషాలు మాట్లాడాడు.

ఒంటిగంటకు డాక్టర్‌నూ, మమతనూ, లచ్చమ్మనూ స్టేజీ వెనక స్టోర్ రూములోకి పిలిచాడు. బియ్యం బస్తాల వాసన.

"డాక్టర్ గారూ, లింగయ్య చేతికున్న ఎర్ర పీలిక చూసిన్రా?"

"చూశానండి. గుడిలో కట్టించుకున్న దారమనుకున్నాను."

"గుడి దారం మొగోళ్లు కుడిచేతికి కట్టించుకుంటరు. ఇది ఎడమచేతికున్నది. హాల్ల ఇంకిద్దరికి ఉన్నది, నీలమ్మకొకటి. కట్టింది మమత. సూది పడనోళ్లకు, సూది గుచ్చే చేతికే. ఆమె పనిచేసిన దవాఖానల అదే అలవాటట. చీటీ తడిసి పోతది, పీలిక ఉంటది."

లచ్చమ్మ తలెత్తింది.

"పడదని తానే పీలిక కట్టిన మనిషి, అదే చేతికి సూది గుచ్చుతదా? పదకొండుంబావు దాకా మమత నీలమ్మ కాలికి కట్టు కడుతున్నది. లొల్లి ఇన్నంకనే లేచింది."

"ఆమెకేం కాదండీ," అన్నాడు పార్థసారథి, నెమ్మదిగా. "వాలంటీర్ కదా. ఎమర్జెన్సీలో వాలంటీర్ మీద కేసు ఉండదు, ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది. నేను ఆసుపత్రి జీతం మీద వచ్చినవాణ్ణి. నాకా రక్షణ లేదు. నన్ను తీసుకుపోతే ఈ రెండువందల మందిని ఎవరు చూస్తారు?"

పెద్దన్న జేబులోంచి మడత పెట్టిన ఉత్తర్వు తీశాడు.

"మీరు ఒకటో పేజీ చదివిన్రు. రెండోది తిప్పలే. వాలంటీరు జీతం తీసుకోవద్దు. పేరు నమోదు కావాలె. కార్డుల రాసిన పనే చెయ్యాలె. అప్పుడే రక్షణ. కార్డుల లేని పని చేస్తే, అందరి లెక్కనే కేసు."

మమత మెడలోని కార్డు తిప్పి చూపించాడు. బీపీ చూడటం. గాయాలకు కట్టు. డాక్టర్ రాసిన గోలీలు ఇవ్వటం. ఇంజెక్షన్ అన్న చోట అడ్డగీత. నర్సు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కాలేదని కింద చిన్న అక్షరాలు.

"మీరు రాసిన ఈ ఒక్క లైనుతోని జైలుకు ఆమె పోతుండె."

మమత ఆ అడ్డగీతను వేలితో తడిమింది.

"డాక్టర్ సారు నాకేం కాదన్నరు సార్," అంది. "ఆయన పోతే క్యాంపు బంద్ అయితదన్నరు. ఇంతమంది ఏం గావాలె అన్నరు. సంతకం పెట్టిన."

"సూది?"

"నేనియ్యలే. పీలిక చూస్తలేరా అని ఉరికిన. అప్పటికే కండ్లు తేలేసిండు."

పార్థసారథి బస్తా మీద కూర్చుండిపోయాడు. "లైన్లో నలభై మంది అండి. నేనొక్కణ్ణే. సూది నేనే ఇచ్చాను. పడుతుందా అని అడగలేదు. రోజూ అందర్నీ అడుగుతాను. ఇవాళ అడగలేదు."

జీపు వచ్చింది. డాక్టర్ ఎక్కేముందు తాళంచెవి తీసి ఎవరికివ్వాలో తెలియక నిలబడ్డాడు. కానిస్టేబుల్ తీసుకున్నాడు. ఇంకో డాక్టర్ సాయంత్రానికి వస్తారని ఫోనొచ్చింది.

"తప్పుడు సంతకం పెట్టినవ్," అన్నాడు పెద్దన్న మమతతో. "దానికి జవాబు నువ్వే చెప్పాలె. సావు మాత్రం నీది కాదు."

"ఇగ నా రిజిస్ట్రేషన్ వస్తదా సార్?"

"తెల్వది."

లింగయ్యను పోస్టుమార్టానికి తీసుకెళ్లారు. మరిది జనగామ నుంచి వచ్చేదాకా లచ్చమ్మ ఇక్కడే ఆగాలి. గోడవైపు తిరిగి కూర్చుంది.

రెండుంబావుకు పప్పన్నం వచ్చింది. మమత పళ్లెం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"పొద్దున షుగర్ గోలీ మింగినవమ్మా. తినకుంటే పడిపోతవ్."

"నువ్వు చెప్తే నేను తినాల్నా?"

"నా మీద కోపం నా మీదనే ఉంచు. నువ్వు తిను."

లచ్చమ్మ ముట్టలేదు. మమత అక్కడే కింద కూర్చుంది. పెద్దన్న తన పళ్లెం తెచ్చుకుని వాళ్లకు కొంచెం ఎడంగా కూర్చున్నాడు. అతనూ మొదలుపెట్టలేదు.

చాలాసేపటికి లచ్చమ్మ ఒక ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. పళ్లెం కాస్త జరిపి మమతకు చోటిచ్చింది.

ముగ్గురూ తిన్నారు.