రెండు కళ్ళ మధ్య ఎడం

"బొద్దింకలు అమ్మేది మీరేనా?"

"పెంచేది నేనే. అమ్మడం తర్వాతి మాట," అన్నాను.

మా వీధిలో నన్ను బొద్దింకల బాబు అంటారు. అననివ్వండి. పెంపుడు బల్లికి మంచి మేత కావాలంటే ఎంతటివాళ్ళైనా నా మేడమీది గదికే రావాలి. ఇరవై డబ్బాలు, వాటి నిండా గుడ్ల అట్టలు, అట్టల సందుల్లో నా ప్రజలు. నున్నటి గోడ ఎక్కలేని రకం కాబట్టి ఒక్కటీ బయటపడదు.

వచ్చినావిడ డ్రాయింగ్ టీచరు. ఆవిడ గాజుపెట్టెలో మచ్చల బల్లి ఒకటి తోక సన్నబడి దిగాలుగా పడుకుంది.

"మా దొర వారం నుంచి మేత ముట్టట్లేదు. లావుపాటి పురుగులే ఏరి మరీ వేశాను."

"అదే తప్పండీ. మిమ్మల్ని గుమ్మడికాయ ఒక్క ముద్దలో మింగమంటే మింగుతారా?"

"నాకు పాఠాలు చెప్పకండి. అది నా ఉద్యోగం."

"అయితే స్కేలు తీయండి. దాని రెండు కళ్ళ మధ్య ఎంత ఎడముందో, పురుగు అంతకన్నా పొడవుండకూడదు."

మూతి ముడుచుకునే కొలిచింది. నిన్నటినుంచి క్యారెట్ తిన్న చిన్నవాటిని ఆరింటిని ఏరి వేశాను. దొర చూశాడు, చూశాడు, చటుక్కున అందుకున్నాడు. టీచరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ స్కేలు అందుకుని నేను ఆ కళ్ళనే చూస్తున్నాను.

"ఇక్కడ కొలవక్కర్లేదు," అంది.

ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చేది. మీరు కాస్తా నువ్వు అయింది. ఒక శనివారం వాన పట్టుకుంది, తను ఆగిపోయింది. ఇక దాచుకోలేక చెప్పేశాను, "నువ్వంటే నాకిష్టం."

"నాకూ. కానీ మా నాన్నతో నువ్వు ఫుడ్ సప్లై లైన్లో ఉన్నావని చెప్పాను."

"ఎందుకలా?"

"ఆయనది పెస్ట్ కంట్రోల్. ముప్పై ఏళ్ళుగా బొద్దింకల్ని చంపుతున్నాడు."

నవ్వొచ్చింది. వెంటనే మనసు చివుక్కుమంది.

"నా పని చెప్పుకోవడానికి సిగ్గయితే, నన్నూ చెప్పుకోకు," అన్నాను.

తను గొడుగు కూడా తీసుకోకుండా వానలోనే వెళ్ళిపోయింది. మరుసటి శనివారం రాలేదు. ఏరి పెట్టిన మేతడబ్బా అలాగే ఉండిపోయింది. అబద్ధంతో ఆమెను నిలుపుకునేకన్నా ఇదే నయమని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మకం మాత్రం కుదరలేదు.

ఆపై శనివారం గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు. వెనక మెట్టుమీద తను. ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"వాసన లేదే. బొద్దింకలున్న ఇల్లు నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఎలా చేస్తున్నావ్?"

"రోజూ శుభ్రం చేస్తానండీ. తడి నిలవనివ్వను."

లోపలికి రమ్మనకుండా గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాను. ఆయన చొక్కాకి కాస్త పురుగులమందు అంటి ఉన్నా నా ఇరవై డబ్బాలూ ఖాళీ. ఆయనకి నా భయం అర్థమైంది.

"కంగారు పడకు. తలస్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకొచ్చా. చెప్పులు కిందే విడిచా. ఇంకొకడి పని పాడుచేసే మనిషిని కాను."

పక్కకి జరిగి దారిచ్చాను. ఈ గదికి వచ్చేముందు ఇంత మర్యాద ఎవరూ చేయలేదు.

"పోయిన వారం ధైర్యం చాలలేదు," అంది తను, పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా. "ఇప్పుడు అందరికీ చెప్తున్నా. ఇతను బొద్దింకలు పెంచుతాడు. ఇంత బాగా పెంచేవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

ఆయన ప్రతి డబ్బా దగ్గరా ఆగి వంగి చూశాడు. చివరి డబ్బా మూత తనే జాగ్రత్తగా పెట్టాడు.

"మా ఇంట్లోకి ఒక్కటి కూడా రాకూడదు."

"రాదండీ."

"ఆ మాట బొద్దింకలకేనయ్యా. నువ్వు రేపు భోజనానికి రా."