ముంతలో నీలం పిల్ల

"ఇది నా పిల్ల కాదు!" నవీన గట్టిగా అరిచింది.

లీలావతి వాళ్ల పంచలో ఆడుకుంటున్న పిల్లలంతా ఆట ఆపేసి చూశారు. పంజరంలో కట్టిన ముంతలో మూడు లవ్ బర్డ్స్ పిల్లలున్నాయి. రెండు ఆకుపచ్చవి. ఒకటి నీలం.

సెలవులకు నగరిలో అవ్వ వాళ్లింటికి వెళ్తూ, నవీన తన పచ్చ లవ్ బర్డ్స్ జత ఉన్న పంజరాన్ని స్నేహితురాలు లీలావతికి అప్పగించింది. అప్పటికి పిల్లలకు ఈకలే రాలేదు. ఇరవై రోజుల తర్వాత వచ్చి చూస్తే ఇదీ సంగతి.

"తల్లీ తండ్రీ పచ్చగా ఉంటే నీలం పిల్ల యాడ నుంచి వస్తాది? విత్తు ఒకటేస్తే చెట్టు ఒకటి మొలుస్తాదా? నా పిల్లను చంపేసి, అంగట్లో ఇంకోదాన్ని కొనుక్కొచ్చి పెట్టినావు!"

"నేనెందుకట్ల చేస్తాను మే? ఇది నీదే," అంది లీలావతి. ఆమె కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

నవీన వింటేగా! నీలం పిల్లను అక్కడే వదిలేసి, మిగతావాటితో పంజరం తీసుకుని వెళ్లిపోయింది.

నవీన నాయన చెంగల్రాయుడు మామిడి నర్సరీలో అంటు కడుతున్నాడు. నవీన జరిగినదంతా చెప్పింది. తన సామెతను కూడా గొప్పగా చెప్పింది.

ఆయన పకపకా నవ్వాడు.

"మామిడి తోటోడి కూతురివై ఉండి ఆ మాటన్నావా? బేనీషా టెంక నాటితే బేనీషానే కాస్తాదా పాపా? ఒకటి పుల్లగా ఉంటాది, ఒకటి పీచుగా ఉంటాది. తాతదో ముత్తాతదో గుణం లోపల దాక్కోనుండి బయటపడతాది. అట్ల కాకుంటే నేను అంటు కట్టడమెందుకు?"

నవీనకు అంటు కట్టడం తెలియనిదా? రోజూ చూసే పనే మరి!

"పక్షులు కూడా అంతేనా నాయనా?"

"నాకు తెలీదు. నీకూ తెలీదు. నువ్వు మాత్రం తెలిసినట్టే మాట్లాడినావు."

మరుసటి రోజు ఇద్దరూ చిత్తూరుకు వెళ్లారు. ఆ జతను అమ్మిన కుప్పయ్య అంతా విని తల ఊపాడు.

"మగదానికి తల్లి నీలం. ఆడదానికి నాయన నీలం. పైకి రెండూ పచ్చగానే ఉంటాయి పాపా. లోపల నీలం దాగుంటాది. ఇద్దరి నుంచీ అది ఒకే పిల్లకు వచ్చిందనుకో, ఆ పిల్ల నీలంగా పుడతాది. ఇట్లాంటి పిల్ల కోసమే మేము జతలు చూసి చూసి కలుపుతాము."

"అయితే అది మా పిల్లేనా?"

"మీదే. చివర్లో పుట్టిందేమో, బాగా చిన్నదా?"

"అవును."

"అట్లాంటిదాన్ని పెద్దవి తొక్కేస్తాయి. తల్లి కూడా సరిగ్గా మేపదు. ఎవరో కొర్రలు నానబెట్టి, మెదిపి తినిపించినట్టుండారు. లేకుంటే బతికేది కాదు."

నవీనకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం లీలావతి వాళ్ల పంచలో మళ్లీ పిల్లలంతా ఉన్నారు. నవీన అక్కడికి వచ్చింది. లీలావతిని పక్కకు పిలిచి చెబితే సులువే. కానీ నిన్న అరిచింది అందరి ముందరే కదా!

"అందరూ వినండి. నీలం పిల్ల మా జతకు పుట్టిందే. లీలావతే దాన్ని బతికించినాది. నేను తెలుసుకోకుండా నోరు పారేసుకున్నాను. తప్పు నాదే లీలా."

లీలావతి లోపలికి వెళ్లి నీలం పిల్లను తెచ్చి నవీన చేతిలో పెట్టింది. మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరి మధ్యా మాటలు అంతంత మాత్రమే. నవీనకు బాధగానే ఉండేది. అయినా కోపం తెచ్చుకోలేదు.

దసరా సెలవులొచ్చాయి. నవీన, నాయన కలిసి పంజరాన్ని కుదుపు లేకుండా మోసుకొచ్చి లీలావతి వాళ్ల పంచలో పైన కొక్కేనికి తగిలించారు.

లీలావతి ఆశ్చర్యపోయింది. "మళ్లీ నా దగ్గరే పెడతావా?"

"నీ దగ్గరే. మళ్లీ గుడ్లు పెట్టినాది."

"ఎన్నుండాయో చూసుకున్నావా?"

"లేదు. నువ్వే చూసుకో. ఏ రంగు పిల్ల పుడితే ఆ రంగే."

లీలావతి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత స్టూలు లాక్కుని, ఎక్కి, ముంతలోకి తొంగి చూసింది.

"మే నవీనా, అయిదుండాయి! దా, చూద్దువు!"