మూడు మొగ్గలు అడ్డొచ్చాయి

మధ్యాహ్నం ఎండ మెట్ల కిటికీలోంచి గులాబీ కుండీ మీద ఏటవాలుగా పడుతోంది. బొంగరం మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, కెమెరాలోంచి చూస్తోంది. ఆ పిల్లకి అసలు పేరు వేరే ఉంది కానీ, ఒక్కచోట కాలు నిలవదని అందరూ అలాగే పిలుస్తారు.

కెమెరా పిన్నిది. పిన్నికి వీధి చివర ఫోటో స్టూడియో ఉంది. బళ్లో డ్రాయింగ్ టీచర్ సోమవారానికి తలా ఒక పువ్వు ఫోటో తెమ్మన్నారు. అన్నిట్లోకీ బాగున్నది ఒక్కటే హాల్లో గోడెక్కుతుంది. అది తనదే కావాలని బొంగరం పట్టు.

పొద్దున పిన్ని పాఠం మొదలుపెట్టింది. పువ్వుని నడిమధ్యన పెట్టకుండా కాస్త పక్కగా ఉంచమంది. వెనకాల గజిబిజి కనిపించకూడదంది. అదెలాగో చెప్పేలోపే మన బొంగరం కెమెరా మెడలో వేసుకుని తుర్రుమంది.

ఇప్పుడు ఆ గజిబిజే ఎదురుగా ఉంది. విచ్చుకున్న పువ్వు వెనక మూడు మొగ్గలు మెడలు చాచి తొంగిచూస్తున్నాయి. ఎటు తిరిగినా అడ్డమే. బొంగరానికి ఓపిక చాలలేదు. మూడింటినీ గోటితో పుటుక్కున గిల్లి జేబులో వేసుకుంది. ఫోటో మాత్రం అదిరిపోయింది.

సాయంత్రం కింది వాటాలో ఉండే టైలర్ తాతగారు చెంబుతో నీళ్లు తెచ్చారు. కుండీ ఆయనదే. మొక్కని చూసి, చెంబు పక్కన పెట్టి, మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు.

"ఏ ఉడతో కొరికేసినట్టుంది. శనివారం మామ్మ ఆసుపత్రి నుంచి వస్తోంది కదమ్మా. ఈ పువ్వు అప్పటికి రాలిపోతుంది. మొగ్గలైనా విచ్చుకుంటాయి, చూపిద్దామనుకున్నాను."

మామ్మగారికి మోకాలి ఆపరేషన్ అయి పది రోజులైంది. ఆ సంగతి బొంగరానికీ తెలుసు. ఉడత మీదకి నెట్టేస్తే తనని అడిగేవాళ్లే లేరు. కానీ జేబులో మొగ్గలు రాళ్లంత బరువయ్యాయి.

"ఉడత కాదు తాతగారూ, నేనే," అంటూ వాటిని తీసి చూపించింది. "ఫోటోకి అడ్డొచ్చాయి."

ఆ మాట తన చెవులకే బాగోలేదు. తాతగారు తిట్టలేదు. వాడిపోయిన మొగ్గల్ని అరచేతిలో పెట్టుకుని కిందికి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేదని ఏడుపొచ్చింది బొంగరానికి.

పిన్ని అంతా విని, స్టూడియో గోడ నిండా ఉన్న ఫోటోలు చూపించింది.

"వీటి వెనక వైర్లున్నాయి, బకెట్లున్నాయి, చీపురు కూడా ఉంది. ఒక్కటైనా కనిపిస్తోందా? లెన్సు కన్నం పూర్తిగా తెరిచి, పువ్వుకి బాగా దగ్గరగా వెళ్తే వెనకున్నదంతా మసకైపోతుంది. దేన్నీ పీకక్కర్లేదు."

"ముందే చెప్పొచ్చుగా పిన్నీ."

"చెబుతుంటే పరిగెత్తిందెవరు?"

బొంగరం తన ఫోటో మళ్లీ చూసుకుంది. ఇప్పుడందులో పువ్వు కనిపించడం లేదు, పువ్వు వెనక ఖాళీయే కనిపిస్తోంది. దాన్ని టీచర్‌కి ఇవ్వకూడదనుకుంది.

మర్నాడు కుండీకి నీళ్లు పోస్తుంటే, ఒక ఆకు చాటున అప్పుడే రంగు తొంగిచూస్తున్న చిన్న మొగ్గ కంటబడింది. బొంగరం ఒక్క ఉరుకులో వెళ్లి తాతగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూసి, మొదటిసారి నవ్వారు.

శనివారం మామ్మగారు చేతికర్రతో వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నారు. తాతగారు కుండీ తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. మొగ్గ సగమే విచ్చుకుంది. అదే చాలన్నట్టు ఆవిడ దాన్ని వేలితో తాకి చూశారు.

బొంగరం కెమెరా ఎత్తింది. మొగ్గ ఫ్రేములో ఓ పక్కకి వచ్చింది. రెండో పక్క, దూరంగా, మామ్మగారి ముఖం. అంతా కుదిరిందనుకుంటే, మొగ్గకి అడ్డంగా ఆ ఆకు.

తాతగారు బట్టలు కత్తిరించే కత్తెర పట్టుకుని వచ్చారు. "ఆకేగా, తీసేయనా అమ్మా?"

"వద్దు తాతగారూ. నేనే జరుగుతాను."

కొత్త గౌను సంగతి మరిచిపోయి నేల మీద బోర్లా పడుకుంది. మోచేతుల మీద కొంచెం ఎడమకి పాకింది. ఇంకొంచెం ముందుకి పాకింది. ఆకు తప్పుకుంది. మొగ్గ మెరిసింది. దాని వెనక మామ్మగారి నవ్వు మెత్తగా మసకబారింది.

బొంగరం ఊపిరి బిగబట్టి, కదలకుండా, బటన్ నొక్కింది.