సాటిగొంతు

2074 జూన్‌లో ఆ ఊరి రైతులందరి చెవుల్లోనూ మద్దిలేటి మాట్లాడుతున్నాడు. అసలు మద్దిలేటి మాత్రం తన మూడెకరాల గట్టు మీద నోరు మూసుకుని కూర్చున్నాడు.

వాళ్లు పెట్టుకున్న చెవియంత్రం పేరు సాటిగొంతు. దాన్ని తయారుచేసింది వ్యవసాయ విస్తరణ అధికారి కౌముది. నేలలో గుచ్చిన సెన్సర్లు తేమనీ తెగుళ్లనీ కనిపెడతాయి, ఏం విత్తాలో ఏఐ తేలుస్తుంది. అంతవరకూ కొత్తేమీ లేదు. అంతకుముందు ఆమె ఎన్ని వీడియోలు పంపినా రైతులు మర్యాదగా తలూపి, దారిలో మద్దిలేటి చేను చూసి, అదే విత్తేవారు. ఒళ్లు మండి, కౌముది ఏఐ సలహాకి ఆయన గొంతే తొడిగింది. రెండేళ్లలో నాలుగు వందల మంది మాట విన్నారు. ఆమెకి ప్రమోషన్ కూడా వచ్చింది.

ఆయనతో చేసుకున్న ఒప్పందంలో ఒకటే మెలిక. ఆయన చేలో వేరే పంట కనిపిస్తే ఆ గొంతుని ఎవరూ నమ్మరు. అందుకని గొంతు చెప్పిందే ఆయనా విత్తాలి. వేరే విత్తనం పోస్తే, విత్తే మోటారు గొర్రు గింజ వదలకుండా దానికి కౌముది తాళం పెట్టింది.

మొన్న వాన పడింది. నేలలో విత్తే పదును రేపటిదాకే ఉంటుంది. గొంతు మళ్లీ వేరుశెనగే అంటోంది. పోయినేడు సగం చేను కుళ్లుతెగులుకి పోయింది. ఈసారీ పోతే ఇంట్లో తిండిగింజలుండవు. ఆయనకి కొర్ర వేయాలనుంది. కొత్తరకం వేరుశెనగకి తెగులు రాదని యంత్రం ధీమా.

మూడోసారి కౌముది ఆఫీసుకి వచ్చి కూర్చున్నాడు.

"చెవిలో నాకు నేనే చెప్తాండా మేడమ్. కాదంటే నా గొంతుతోనే నన్ను సముదాయిస్తాది. ఎవునితో కొట్లాడాల?"

కౌముది స్క్రీన్ మీదే గొర్రు తాళం తీసేసి, ఊరంతటా ఆయన గొంతు ఆపేసింది.

పొద్దున్నే చేనికి వెళ్లింది. గొర్రు నిండా కొర్రలున్నాయి. గొర్రు మాత్రం గట్టు దిగలేదు. మద్దిలేటి పక్క చేని హుసేనప్ప వైపు చూస్తున్నాడు. హుసేనప్ప ఇటే చూస్తున్నాడు. ఆ వెనక గట్టుకొకరు చొప్పున ఊరంతా నిలబడి ఉంది. ఎండ ఎక్కుతోంది. పైమట్టి తెల్లబడుతోంది.

"విత్తు అన్నా, ఇప్పుడు నీ ఇష్టమే కదా?" అంది కౌముది.

"విత్తుతా. హుసేనప్ప ఏమేస్తాడో చూసి."

"ఈ గొంతు రాకముందూ అట్లాగే వేశావా?"

"ఆయప్పది చూసే గదా నేనేసేది."

పక్క గట్టు మీంచి హుసేనప్ప తాపీగా అన్నాడు. "నేను నీది చూసి ఏస్తాంటి గదప్పా."

మద్దిలేటి జేబులోంచి చెవియంత్రం తీసి తుడుచుకున్నాడు.

"ఒక్క నిమిషం ఆన్ చేయండి మేడమ్. నేనేమంటానో విందాం."

కౌముది ఫోన్ తీసింది. ఆన్ చేయాలో వద్దో తేల్చుకునే ముందు, పక్క మండలం అధికారి ఇలాంటప్పుడు ఏం చేశాడో వెతకడం మొదలుపెట్టింది.